ఒక ఇంటికి ఒకే అభిప్రాయం

"నీళ్లు మధ్యాహ్నం పూట ఇస్తే మీ కుటుంబానికి ఏమైనా అభ్యంతరమా?"

ఫోన్లో వచ్చిన ప్రశ్నని మా ఆయన పైకి చదివాడు. నన్నే అడుగుతున్నాడేమో అనుకుని, చేతిలోని రెండు బకెట్లూ గుమ్మం దగ్గర దించి, మోచేత్తో నుదుటి చెమట తుడుచుకుని నోరు తెరిచాను. ఈలోపే బొటనవేలితో నొక్కేశాడు, "లేదు" అని. కింద కారణం రాయడానికి చోటుంటే అదీ రాశాడు. రాస్తూ పైకి చదివాడు. "ఏ వేళైనా ఇబ్బంది లేదు. ఇంట్లో ఎవరో ఒకరు ఉంటారు."

"ఎవరుంటారండీ?" అన్నాను.

"ఏంటి?"

"మధ్యాహ్నం పూట. ఇంట్లో. ఎవరుంటారు?"

తలెత్తి నవ్వాడు. "అడిగింది మీ ఆఫీసు, చెప్పింది నేను. మధ్యలో నీకేంటోయ్? ఆ టీ ఏదో ఇచ్చావంటే స్నానానికి పోతా."

ఎదురుగా ఎప్పుడూ 'మీరు' అనే అంటాను. మనసులో ఎప్పటినుంచి 'అతను' అయ్యాడో గుర్తులేదు. అతను స్నానానికి పోసుకునే నీళ్లు మా వాకిట్లో కుళాయి నుంచి మూడో అంతస్తుకి నా రెండు చేతుల మీదుగా ఎక్కినవి. కుళాయిలో నీళ్లొస్తాయిగానీ మేడెక్కేంత ఊపు ఉండదు. తెల్లారేసరికి కిందికి దిగి, బకెట్లు నింపి, మెట్లెక్కి, వంటింటి డ్రమ్ములో సగం, స్నానాల గదిలో సగం పోసి, మళ్లీ దిగి, మళ్లీ ఎక్కి, ఆ తర్వాత పొయ్యి వెలిగించి, ఆ తర్వాత టీ. ఈ ఇంట్లో పనులు వాటంతటవే అవుతాయని అందరికీ గట్టి నమ్మకం. కొందరు దేవుణ్ణి నమ్ముతారు చూడండి, అంత నమ్మకం.

ఇక మధ్యాహ్నం ఇంట్లో ఉండేదెవరంటే, మా అత్తగారు. మోకాళ్లు అరిగిపోయి, గోడ పట్టుకుని గదిలోంచి గదిలోకి నడుస్తారు. ఆవిడ కాక మా మరిది. పొద్దుట్నుంచి సాయంత్రం దాకా చెవులకి హెడ్‌ఫోన్ తగిలించుకుని కంప్యూటర్ ముందే ఉంటాడు. వాడి ఆఫీసు వాడి మంచమే. ఇరవై ఏళ్లు దాటిన వాడు, గేదెలా తింటాడు, రెండు మెట్లొకసారి దూకుతూ ఎక్కుతాడు. అయినా 'ఎవరో ఒకరు' అంటే వాడు కాదు. ఆ మాట అన్నప్పుడు మా ఆయన కళ్లు నా వైపే తిరిగాయి. నేను ఆఫీసుకి పట్టుకెళ్లాల్సిన డబ్బా అప్పటికింకా కట్టనేలేదు.

నేను చేసేది మా ఊరి నీళ్ల ఆఫీసులో ఉద్యోగం. ప్రజల అభిప్రాయాలు సేకరించే విభాగం. ఏదైనా పథకం వచ్చిందంటే దానివల్ల లాభపడేవాళ్లు, నష్టపోయేవాళ్లు, మాట చెల్లేవాళ్లు అందరూ ఏమనుకుంటున్నారో రాబట్టి, ఎవరి మాటకెంత తూకమో చూసి, పట్టిక తయారుచేసి పైవాళ్లకి ఇవ్వాలి. వీళ్లందరినీ కలిపి ఆఫీసులో స్టేక్‌హోల్డర్లంటారు. తూకాలు మాత్రం నేను వేయను. డైరెక్టరు గారు వేస్తారు. నిపుణులకి అందరికంటే ఎక్కువ. తర్వాత వ్యాపారులు, తర్వాత కాలనీ సంఘాలు. విడివిడి ఇళ్లకి అన్నిటికంటే తక్కువ. ఆ తక్కువలో కూడా ఒక ఇంటికి ఒకే అభిప్రాయం. ఇంటి పెద్ద ఫోనుకి ప్రశ్న వెళుతుంది, ఆయన నొక్కింది ఆ ఇంటి మాట.

ఇప్పుడొచ్చిన పథకం నిజంగా మంచిది. ఇప్పటిదాకా రాత్రంతా కరెంటు కాల్చి మోటార్లతో నీళ్లు తోడి తెల్లారి వదులుతున్నారు. ఇకమీదట ఎండతో నడిచే మోటార్లు. పొగ లేదు, బొగ్గు లేదు. సుస్థిర అభివృద్ధి అని గోడమీద పెద్ద బొమ్మ కూడా వేయించారు, చెట్టు పక్కన చిరునవ్వు నవ్వే కుటుంబం. సూర్యుడితో నాకేం పేచీ లేదు. పేచీ ఎక్కడంటే, ఎండ నడినెత్తిన ఉన్నప్పుడు నీళ్లు తోడి అప్పటికప్పుడే వదిలేస్తారట. మధ్యాహ్నం నీళ్లన్నమాట. ఇంకో పెద్ద ట్యాంకు కడితే మధ్యాహ్నం నింపుకుని తెల్లారి వదలొచ్చు. మా ఇంజినీరే ఆ మాట మొదట్లో రాశాడు. ట్యాంకుకి స్థలం కూడా ఉంది, మా కాలనీ పక్కన ఖాళీ జాగా. కానీ ఆ జాగాలో బళ్లు పెట్టుకోవాలని దుకాణాలవాళ్లు, క్లబ్బు కట్టుకోవాలని కాలనీ సంఘం ఎప్పట్నుంచో కన్నేసి ఉన్నారు. ఆ కాలనీ సంఘానికి కార్యదర్శి ఎవరో తెలుసా? మా ఆయనే.

అభిప్రాయాలు వచ్చిపడుతున్నాయి. నేను వాటిని పట్టికలోకి ఎక్కిస్తున్నాను. 'అభ్యంతరం లేదు, మా ఆవిడ చూసుకుంటుంది.' 'లేదు. ఇంట్లో ఆడవాళ్లున్నారు.' 'ఎప్పుడిచ్చినా పట్టుకుంటాం.' పట్టుకుంటాం! ఈ మాట రాసినాయన నాకు తెలుసు, ఎదురు వీధి ఫార్మసీ ఆయన. జన్మలో బకెట్ ముట్టి ఎరగడు. ఎక్కించీ ఎక్కించీ ఒళ్లు మండి, లేచి డైరెక్టరు గారి గదిలోకి వెళ్లాను. ఇంజినీరు కూడా అక్కడే ఉన్నాడు.

"సార్, ఇందులో నీళ్లు మోసేవాళ్లు ఒక్కరూ మాట్లాడలేదు."

"అందరినీ అడిగాం కదా మేడమ్."

"ఆడవాళ్లని అడగలేదు సార్."

"ఆడవాళ్లు ఇళ్లల్లో లేరా? ఇంటిని అడిగితే వాళ్లనీ అడిగినట్టే." చేతులు రెండూ తల వెనక్కి పెట్టుకుని కుర్చీలో వెనక్కి వాలారు. "ఒక్కో ఇంట్లో రెండేసి అభిప్రాయాలు తీసుకుంటే ఏమవుతుందో తెలుసా? పొద్దున్నే కొట్లాటలు. మనం నీళ్లివ్వడానికి ఉన్నాం మేడమ్, కాపురాలు కూల్చడానికి కాదు."

ఇంజినీరు పగలబడి నవ్వాడు. మంచి కుర్రాడే, ఆ ట్యాంకు బొమ్మ గీసింది తనేనని ఆ నవ్వులో మర్చిపోయాడు. నేనూ కాస్త నవ్వాను. నవ్వకపోతే 'మేడమ్‌కి సరదా తెలీదు' అంటారు. పదేళ్లుగా ఈ ఆఫీసులో నేను నవ్విన నవ్వుల్లో సగం ఇలాంటివే. తలుపు దాకా వచ్చాక వెనకనుంచి డైరెక్టరు గారి గొంతు వినిపించింది. "ఆదివారం సభకి టీ, బిస్కెట్ల సంగతి మీరే చూసుకోండి మేడమ్. మీరైతే శ్రద్ధగా చేయిస్తారు."

మర్నాడు కుళాయి దగ్గర నర్సు నన్ను పట్టుకుంది. కింది వాటాలో ఉంటుంది, ఆసుపత్రిలో పగటి డ్యూటీ. మొగుడు లారీ మీద ఊళ్లు తిరుగుతాడు. పక్కనే బస్సు కండక్టరుగా చేసే ఆవిడ, ఆవిడ వెనక బట్టల ఫ్యాక్టరీలో కుట్టుపని చేసే పిల్ల. బకెట్లు వరుసలో ఉన్నాయి.

"ఏంటక్కా, నీళ్లు మధ్యాహ్నం ఇస్తారంట? మా ఆయన ఎక్కడో రోడ్డు మీద ఉండి సరే అని నొక్కాడంట. నిన్న ఫోన్‌లో చెప్తున్నాడు, గొప్పగా."

"నేను బస్సు ఆపి దిగి రావాలా నీళ్లకి?" అంది కండక్టరు. "దిగండమ్మా, దిగండయ్యా, అందరూ మా ఇంటికి పదండి, తలా ఓ బకెట్ పట్టుకోండి అనాలా?"

అందరం నవ్వాం. కుట్టుపని పిల్ల మాత్రం నవ్వలేదు. మధ్యాహ్నం గేటు దాటితే ఆ రోజు కూలీ కోస్తారట. వారంలో రెండుసార్లు దాటితే మళ్లీ రానివ్వరట.

"నువ్వే కదా ఇదంతా రాసేది? మాకోసం ఓ ముక్క రాయకూడదా?" నర్సు అడిగింది. అందులో ఎత్తిపొడుపు లేదు, నిజంగానే అడిగింది. అందుకే ఎక్కువ తగిలింది. 'నాకు రాసే అధికారం లేదే, లెక్క వేసే అధికారమే ఉంది' అని చెప్పబోయి, అది నా చెవులకే సిగ్గుగా అనిపించి ఊరుకున్నాను. నీళ్లు ఆగిపోయే వేళయింది. బకెట్లు ఎత్తుకున్నాను.

శనివారం సాయంత్రం మా ఇంట్లో సమావేశం. మా ఆయనకి ఇదొక ముచ్చట. "మనింట్లో అందరి మాటా వింటాం" అని బయట చెప్పుకుంటాడు. ముందు వాళ్లమ్మని అడుగుతాడు, తర్వాత తమ్ముణ్ణి, ఆ తర్వాత తను చెప్పాల్సింది చెప్పి, కుర్చీలోంచి లేస్తూ నా వైపు తిరిగి "నువ్వేమంటావ్?" అంటాడు. ఇన్నేళ్లలో ఆ ప్రశ్నని ఒక్కసారీ కూర్చుని అడగలేదు. సోఫా కొన్నప్పుడూ అంతే, గోడలకి రంగు వేయించినప్పుడూ అంతే, నేను అప్పుడే పిల్లలు వద్దన్నప్పుడూ అంతే. కడుపు నిలవక ఆ సమస్య దానంతటదే తీరిపోయింది కాబట్టి సరిపోయింది. తీరకపోతే ఆ మాటా లేస్తూనే తేల్చేసేవాడు.

"వచ్చే నెల నుంచి మధ్యాహ్నం నీళ్లు. ఎలా చేద్దాం?" అన్నాడు.

"మీ తమ్ముడు ఉంటాడుగా ఇంట్లో" అన్నాను, నా వంతు రాకముందే.

ముగ్గురూ నన్ను వింతగా చూశారు. మా మరిది హెడ్‌ఫోన్ ఓ చెవి మీంచి పక్కకి తీశాడు. "వదినా, నాకు మధ్యాహ్నం మీటింగులుంటాయి. కెమెరా ఆన్‌లో ఉంటుంది."

"నాకూ ఉంటాయి మీటింగులు. నా కెమెరా నా మొహమే, ఆఫ్ చేయడం కుదరదు."

"వాడి ఉద్యోగం వేరు" అన్నాడు మా ఆయన.

"నాది?"

"నీది... ఏదో చేస్తున్నావు, కాదనట్లేదు. మధ్యాహ్నం రెండు గంటలు పర్మిషన్ అడుగు. ఇవ్వకపోతే మానెయ్. నీ జీతం లేకపోతే గడవదా మనకి? నీకూ రెస్టు." అని లేచాడు. "నువ్వేమంటావ్?"

రెస్టట! మూడంతస్తులు నీళ్లు మోయడం రెస్టు. ఆ ఉద్యోగం నాకేంటో ఈ మనిషికి తెలీదు. బస్సెక్కి కిటికీ పక్కన కూర్చున్నప్పట్నుంచీ సాయంత్రం దిగేదాకా నేను ఎవరి టీ కాదు, ఎవరి చొక్కా గుండీ కాదు. పట్టికలో ఒక తప్పు దొరికితే, అది నేను సరిచేస్తే, రాజ్యాలు జయించినట్టుంటుంది. ఆ కుర్చీ అరిగిపోయింది, ఫ్యాను కిర్రుమంటుంది, డైరెక్టరు గారి జోకులకి నవ్వి చావాలి. అయినా అది నాది. నేను చదువుకుని, పరీక్ష రాసి, పెళ్లికి ముందే సంపాదించుకున్నది. "మానను" అన్నాను. వినిపించుకోకుండా స్నానాల గదిలోకి వెళ్లి, డ్రమ్ములోంచి మగ్గుతో నీళ్లు తీసి కాళ్లు కడుక్కుంటున్నాడు. ధారాళంగా.

అత్తగారు మంచం మీద ఉతికిన బట్టలు మడత పెడుతున్నారు. తల ఎత్తకుండానే అన్నారు. "ఎందుకమ్మాయ్ అంత పంతం? నేను మానలేదూ? ఏం, చచ్చిపోయానా?"

"మీరేం మానారు అత్తయ్యా?"

"బడి." చొక్కా కాలరు సర్దుతూ చాలా మామూలుగా చెప్పారు. "చిన్నపిల్లలకి చెప్పేదాన్ని. లెక్కలు. పెళ్లయిన కొత్తలో. అప్పట్లో కుళాయి బడి వేళకే వచ్చేది. మీ మామగారు, 'ఇంట్లో ఎవరో ఒకరు ఉండాలి కదా' అన్నారు. సరే అన్నా."

ఇన్నేళ్లుగా ఈవిడ నా చపాతీ పిండి గట్టిదనం గురించి చెప్పారు, నా నవ్వు గురించి చెప్పారు, నా నడక గురించి చెప్పారు. ఈ మాట ఒక్కటీ చెప్పలేదు.

"మరి తర్వాత?"

"తర్వాతేముంది. ఓ ఏడాది పోయాక నీళ్ల వేళ మార్చారు, తెల్లారగట్ల ఇచ్చారు. బడికెళ్లి అడిగా. నా తరగతి ఇంకొకామెకి ఇచ్చేశారట. ఆవిడ బాగానే చెప్పేదిలే." మడత పెట్టిన చొక్కాని తీసి మళ్లీ విప్పారు. మళ్లీ మడత పెట్టారు. "ఏడో ఎక్కం దగ్గర ఆపేశా వాళ్లకి."

ఏడవాలనిపించలేదు నాకు. కోపమొచ్చింది, అది కూడా ఆవిడ మీద కాదు. నలభై ఏళ్ల కింద ఎవరో ఆఫీసులో కూర్చుని కుళాయి వేళ ఏదో నిర్ణయించాడు. ఎవరినో అడిగే ఉంటాడు, మా మామగారిలాంటి పెద్దమనుషుల్ని. వాళ్లు తలూపి ఉంటారు. మళ్లీ ఓ ఏడాదికి ఇంకెవరో వేళ మార్చారు. వాళ్లకి అది ఒక కాగితం. ఈవిడకి అది ఒక జీవితం. ఇప్పుడు ఆ ఆఫీసులో కూర్చున్నది నేను. పట్టిక నా చేతుల్లో ఉంది. రేపు నేను దాన్ని గొంతెత్తి చదవాలి, 'నివాసితుల నుంచి అభ్యంతరాలేమీ లేవు' అని.

ఆదివారం సభ. కాలనీ హాల్లో కుర్చీలు వేయించి, టీ ఫ్లాస్కులు బల్ల మీద పెట్టించి, బిస్కెట్లు పళ్లాల్లో సర్దించి, ఆ తర్వాత వేదిక పక్కన కంప్యూటర్ ముందు నా చోటులో కూర్చున్నాను. వేదిక మీద డైరెక్టరు గారు, ఇంజినీరు, వ్యాపారుల సంఘం అధ్యక్షుడు, వాళ్ల పక్కన ఇస్త్రీ చొక్కాలో మా ఆయన. మగవాళ్లు ముందు వరుసల్లో కూర్చున్నారు. ఆడవాళ్లు వెనక. నర్సు ఉంది, కండక్టరు ఉంది. కుట్టుపని పిల్ల గోడకి ఆనుకుని నిలబడింది. జనం నిండుగా కనబడాలని మా ఆయన వాళ్లమ్మని కూడా ఆటోలో తీసుకొచ్చి కూర్చోబెట్టాడు.

మా ఆయన బాగా మాట్లాడాడు, అది ఒప్పుకోవాలి. రాబోయే తరాలన్నాడు, భూమి తల్లన్నాడు, పిల్లలకి మంచి గాలి అన్నాడు. "మా కాలనీ మొత్తం ఒక్క మాట మీద ఉంది" అన్నాడు. చప్పట్లు. వెనకనుంచి నర్సు లేచింది.

"మమ్మల్నెవరూ అడగలేదండీ."

"మీ ఇంటి అభిప్రాయం వచ్చిందమ్మా. అంతా కంప్యూటర్లో ఉంది" అన్నారు డైరెక్టరు గారు, ఎంతో ఓపిగ్గా. నా వైపు తిరిగారు. "మేడమ్, నివాసితుల వరుస చదివి వినిపించండి."

మైకు నా చేతికొచ్చింది. వెనక తెర మీద పట్టిక పెద్దదిగా వెలుగుతోంది. ఈ ఉద్యోగం నిలుపుకోవడానికి ఇప్పుడు నోరు విప్పితే ఈ ఉద్యోగమే ఊడొచ్చు. ఆ సంగతి నాకు తెలుసు. కుర్చీలోంచి లేచాను.

"ఈ వరుస నేనే ఎక్కించాను సార్. కానీ చదవను. ఇందులో ఉన్నవన్నీ నీళ్లు వాడుకునేవాళ్ల మాటలు. మోసేవాళ్ల మాట ఒక్కటీ లేదు."

హాల్లో గుసగుసలు. మా ఆయన నవ్వు మొహం అలాగే ఉంచి, కళ్లతో మాత్రం కూర్చోమంటున్నాడు.

"మేడమ్, మీరు ఆఫీసు మనిషి. మీకు అభిప్రాయం ఉండకూడదు" అన్నారు డైరెక్టరు గారు.

"ఇంట్లోనూ అదే అంటారు సార్."

వెనక వరుసల్లో నవ్వులు. ముందు వరుసల్లో ఎవరూ నవ్వలేదు. ఆ నవ్వు అందుకుని అన్నాను. "ఎండ మోటార్లు పెట్టండి, నాకిష్టమే. మధ్యాహ్నం తోడండి. కానీ ఆ ఖాళీ జాగాలో ట్యాంకు కట్టి నీళ్లు తెల్లారి వదలండి. ఇంజినీరు గారు ఆ ట్యాంకు బొమ్మ ఎప్పుడో గీశారు, అడగండి." ఇంజినీరు టేబుల్ కేసి చూస్తూనే అవునన్నట్టు తలూపాడు. "మధ్యాహ్నం నీళ్లకి నాకు అభ్యంతరం ఉంది. రాసుకోండి."

"ఏమోయ్," మా ఆయన తన ముందున్న మైకుకి చెయ్యి అడ్డం పెట్టి, పళ్ల బిగువున అన్నాడు. "ఇంటికెళ్లి మాట్లాడుకుందాం."

"ఇంట్లో మీరు లేచి నిలబడి అడుగుతారండీ. ఇక్కడ నేను నిలబడ్డాను."

డైరెక్టరు గారి మొహం ఎర్రబడింది. అయినా పెద్దమనిషి, గొంతు పెంచలేదు. "చూడండి మేడమ్. మీ ఇంటి అభిప్రాయం మీ వారు ఎప్పుడో ఇచ్చారు. అనుకూలం అని తెర మీదే ఉంది. ఒక ఇంటికి ఒకే అభిప్రాయం. రూలు మీకు తెలియంది కాదు. మీకోసం రూలు మార్చమంటారా?"

"వద్దు సార్. రూలు అలాగే ఉంచండి." మా ఆయన వైపు చూశాను. అతనికి ఎదురుగా, మూడో వరుసలో, మా అత్తగారు కుర్చీ చేతులు పట్టుకుని ముందుకు వంగి నా మొహంలోకే చూస్తున్నారు. "మా ఇంటిని ఇవాళ్టి నుంచి రెండిళ్లుగా రాసుకోండి."

బిస్కెట్ నములుతున్నవాళ్లు నమలడం ఆపేశారు. ఎవరూ రాసుకోలేదు. సరే, రాసే పని నాదేగా. కంప్యూటర్ ముందు కూర్చుని, అందరూ చూస్తుండగా తెర మీద మా ఇంటి కింద కొత్త వరుస తెరిచాను. ఇంటి పెద్ద అన్నచోట నా పేరు కొట్టాను. అభిప్రాయం అన్నచోట, వ్యతిరేకం. మైకు మళ్లీ దగ్గరికి లాక్కుని, వెనక వరుసల కేసి తిరిగాను.

"తర్వాత ఎవరు?"